ఏకాంత తీరానికి ఒక పగటి ప్రయాణం

(రేడియో ప్రసంగ పాఠం. ధ్యాన భాగం: మార్కు సువార్త 6వ అధ్యాయం, 30 నుండి 44 వచనాలు)

మీరు ఎక్కడ కూర్చుని వింటున్నారో నాకు తెలియదు. బందరు గిలకలదిండి రేవులో వల బాగుచేసుకుంటూ వింటున్నవారు ఉంటారు. గుడివాడలో మిల్లు పని ముగించుకొని, అరుగు మీద కూర్చుని వింటున్నవారు ఉంటారు. దివిసీమలో ఏ లంకలోనో అన్నం వార్చుకుంటూ వింటున్న తల్లులు ఉంటారు. ఈ పూట మీ అందరినీ ఒక పడవ ఎక్కించాలని అనుకుంటున్నాను. భయపడకండి, టిక్కెట్టు లేదు.

మా సంఘంలో ఒక కుటుంబానికి అమెరికాలో కుమార్తె ఉంది. ఆ అమ్మాయి భర్తతో, పిల్లలతో కలిసి కరీబియన్ సముద్రంలో ఒక చిన్న దీవికి వెళ్ళి, వీడియో తీసి పంపింది. పొద్దున్నే పడవ ఎక్కడం, సాయంత్రం దాకా అక్కడే ఉండడం. తెల్లని ఇసుక, అద్దంలాంటి నీళ్ళు, కొబ్బరిచెట్లు, మనిషి అలికిడి లేని తీరం. తిండీ తిప్పలూ అన్నీ పడవవాళ్ళవే. ఆరాధన అయ్యాక ఆ తల్లి తన ఫోను అందరికీ చూపించింది. మా యౌవనస్థులు గుమిగూడి చూశారు. ఒక కుర్రవాడు నవ్వుతూ, "అయ్యగారూ, మన సంఘం ఎప్పుడు వెళ్తుందండీ?" అన్నాడు. నేను కూడా నవ్వుతూ, "అంత దూరం దేనికిరా, నాగాయలంక వెళ్దాం. మనకి లేవా దీవులు? మన సీమ పేరే దివిసీమ గదా" అన్నాను. వేళాకోళానికి అన్న మాట అది. మరుసటి ఆదివారానికి 24 పేర్లు రాసుకొని వచ్చారు. ఇది మూడేళ్ళ కిందటి సంక్రాంతి సెలవుల సంగతి.

ఆ దీవుల మాట వచ్చింది గనుక ఒక్క విషయం చెప్పి ముందుకు వెళతాను. ఇవాళ మనవాళ్ళు అక్కడికి విహారానికి వెళుతున్నారు. కానీ మన దేశం మనుషులు ఆ ఒడ్డున మొదట దిగింది విహారానికి కాదు. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ 200 మందికి పైగా కూలీలతో ట్రినిడాడ్ దీవికి చేరింది. ఆ ఓడ కలకత్తా నుంచి వెళ్ళింది. తరువాత మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు వెళ్ళాయి. వాటిలో అరవవారితో పాటు మన తెలుగువారూ ఉన్నారు. వాళ్ళు వెళ్ళింది చెరకు కొట్టడానికి. ఉయ్యూరు చుట్టుపక్కల చెరకు తోటల్లో పనిచేసినవారికి ఆ పని ఎలాంటిదో నేను చెప్పనక్కరలేదు. ఎక్కినవారిలో చాలామంది తిరిగి రాలేదు. ఒకే తీరం ఒకరికి సెలవు దినం, ఒకరికి చెర. ఆ వీడియో చూస్తున్నప్పుడు నాకు ఇది తట్టలేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్ళాక తట్టింది.

సరే, వాక్యభాగానికి వద్దాం. మార్కు సువార్త ఆరవ అధ్యాయంలో పన్నెండుమంది శిష్యులు ఊరూరా తిరిగి, పనిచేసి, తిరిగి వచ్చారు. ఏమేమి చేశారో, ఏమేమి బోధించారో అన్నీ ప్రభువుతో చెప్పుకుంటున్నారు. దానికి ముందే బాప్తిస్మమిచ్చు యోహాను తల కొట్టించబడ్డాడు. అంటే ఒక పక్క పని అలసట, ఇంకొక పక్క చావు కబురు. పైగా వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఎక్కువై, వాళ్ళకి అన్నం తినడానికి కూడా తీరిక లేదని మార్కు రాశాడు. ఈ చిన్న సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను. అప్పుడు ప్రభువు వాళ్ళను ఎవరూ లేని చోటికి పిలిచాడు, కొంచెం అలసట తీర్చుకోమన్నాడు. అందరూ పడవ ఎక్కారు.

ఆ ఎవరూ లేని చోటుకి గ్రీకు మూలంలో ఉన్న మాట ఎరేమోస్. సెమినరీలో మా ఉపాధ్యాయులు ఈ మాటను మా చేత ఎన్నిసార్లు చదివించారో! ఎడారి అనీ, పాడుబడిన చోటు అనీ, ఒంటరి ప్రదేశం అనీ దానికి అర్థాలు. మన తెలుగు బైబిలులో అరణ్యం అనే మాట వాడారు. చిన్నప్పుడు నేను అరణ్యం అంటే పులులు, సింహాలు తిరిగే అడవి అనుకునేవాణ్ణి. పడవలో అడవికి ఎలా వెళ్తారో నాకు అర్థమయ్యేది కాదు. నాగాయలంక నుంచి పడవలో కిందికి వెళ్ళిన రోజున ఆ చిక్కు విడిపోయింది. అక్కడ పడవలోనే అడవికి వెళ్ళాలి. మడ అడవి. ఏటికి రెండు పక్కలా బురదలో వేళ్ళు పైకి పొడుచుకొని నిలబడ్డ చెట్లు, వాటి వెనక ఉప్పు నేల, దాని వెనక ఇసుక, ఆపైన సముద్రం. అనువాదం చేసినవారు ఏమి ఊహించుకొని ఆ మాట వేశారో గాని, మన దివిసీమకు మాత్రం అది సరిగ్గా సరిపోయింది.

ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి గుడివాడలో బస్సు బయలుదేరింది. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ. పులిగడ్డ దగ్గర కృష్ణ దాటేటప్పుడు ఇంకా మంచు వీడలేదు. అక్కడే మన నది రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య ఉన్నదే దివిసీమ. వంతెన ఎక్కితే దీవిలో అడుగుపెట్టినట్టే. బస్సులో పాటలు పాడుతున్న పిల్లలకి ఈ మాట చెబితే, ఒక పాప కిటికీలోంచి చూసి, "మరి బీచి ఏది?" అంది.

అటవీ శాఖవారి అనుమతి ముందుగానే తీసుకున్నాం. ఆ మడ అడవులన్నీ కృష్ణా అభయారణ్యంలోనివి. 1989లో ప్రకటించారు. సుమారు 195 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. బావురుపిల్లి అనే జంతువు అక్కడ ఉంటుంది, నీళ్ళలో చేపలు పట్టుకొని తింటుంది. మాకు కనబడలేదు. అది రాత్రుళ్ళు తిరిగేది, మావాళ్ళ పాటలకి ఏ బావురుపిల్లి బయటికి వస్తుంది!

ఇప్పుడు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి, ప్రియులారా. మేము రెండు బోట్లు మాట్లాడుకున్నాం. ఒక్కొక్క దానికి 12 మంది. రేవులో దిగి లెక్క చూస్తే 33 మంది ఉన్నాం. తమ్ముడు వస్తానన్నాడనీ, పక్కింటి పిల్ల ఏడ్చిందనీ తొమ్మిదిమంది ఎక్కువ వచ్చారు. సంఘంలో ఇది మామూలే. ప్రేమ విందుకి వంద ఆకులు వేస్తే నూట ముప్పైమంది కూర్చుంటారు, ఎలాగో సర్దుతాం. నేను ఇక్కడ కూడా సర్దుబాటే అనుకున్నాను.

సరంగు పెద్దవాడు. అరవై దాటి ఉంటాయి. "ఒక్కో బోటుకి పన్నెండు మందేనండి. జాకెట్లు కూడా అన్నే ఉన్నయ్" అన్నాడు.

"పిల్లలే గదా బాబాయ్, ఏం బరువుంటారు? నలుగురేసి సర్దు. దేవుడు చూసుకుంటాడు" అన్నాను.

ఆయన నా చేతిలోని బైబిలు వంక చూశాడు. "దేవుడు చూసుకుంటాడండి అయ్యగారూ. ఏరు చూసుకోదు గదండి" అన్నాడు. అని, తాడు చుట్టుకుంటూ బోటు అంచు మీద కూర్చున్నాడు. ఇక లేవలేదు.

నాకు కోపం వచ్చింది. అందరి ముందు ఆ మాట అనిపించుకున్నందుకు. కాని అక్కడే నిలబడి ఆలోచిస్తే నాకు రెండు తేదీలు గుర్తొచ్చాయి. 2017 నవంబరు 12న ఇదే కృష్ణలో, ఎగువన ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర, కార్తీక మాసపు ఆదివారం పూట విహారానికి వెళ్ళినవారి పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండలు చూడడానికి వెళ్ళిన బోటు మునిగి 40 మందికి పైగా పోయారు. వాళ్ళు కూడా మనలాగే పొద్దున్నే లేచి, పులిహోర కట్టుకొని, పిల్లలకు కొత్త చొక్కాలు తొడిగి బయలుదేరినవారే. వాళ్ళలో ఎవరూ దేవుణ్ణి తలచుకోకుండా పడవ ఎక్కి ఉండరు. విశ్వాసం పేరు పెట్టి నేను చెయ్యబోయిన పని ఏమిటి? నా మొహమాటాన్ని దేవుని మీదికి నెట్టడం. తొమ్మిదిమందికి "మీరు రాకూడదు" అని చెప్పలేక, ఆ భారం ఆయన మీద వేశాను. సాతాను ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్నప్పుడు వాడు చెప్పిన ధైర్యం కూడా ఇదే రకం ధైర్యం.

ఇక్కడ ఒక సంగతి. 1986లో గలిలయ సముద్రంలో కరువు వల్ల నీళ్ళు బాగా తగ్గినప్పుడు, ఇద్దరు అన్నదమ్ములకు, వాళ్ళు జాలరులు, ఒడ్డు బురదలో ఒక పాత పడవ కనబడింది. పరీక్షలు చేస్తే ప్రభువు కాలం నాటిదని తేలింది. పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు, వెడల్పు రెండు మీటర్ల పైచిలుకు. సుమారు 15 మంది పడతారని అంచనా. అంటే పన్నెండుమంది శిష్యులు, ప్రభువు, ఇంకొకరో ఇద్దరో. అది మా సరంగు లెక్కకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. వేలమంది వెంటపడి వస్తున్నా ఆ పడవలో పట్టినంతమందే ఎక్కారు. మిగతా జనం గట్టు వెంట నడిచే వచ్చారు, పరుగెత్తే వచ్చారు. మన వాక్యభాగంలో అలాగే ఉంది గదా!

మూడో బోటు కోసం ఫోన్లు చేసి, తెప్పించుకొని, జాకెట్లు తొడిగించుకొని బయలుదేరేసరికి గంట పైన ఆలస్యమైంది. ఏటి మీద గంట ఆలస్యం అంటే బస్సు గంట ఆలస్యం లాంటిది కాదు. పాటు మీద కిందికి వెళ్ళాలి, పోటు మీద పైకి రావాలి. నీళ్ళు తీసేటప్పుడు వాటితో పాటు సముద్రం వైపు జారిపోవడం, నీళ్ళు ఎక్కేటప్పుడు వాటితో పాటు తిరిగి రావడం. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. మన గడియారం వాటికి పట్టదు. మేము ఆలస్యం చేసినందువల్ల మొగ దగ్గరికి చేరేసరికి నీళ్ళు బాగా తీసేశాయి. బోట్లు దూరంగానే ఆగిపోయాయి. మోకాలి లోతు బురదలో నడుచుకుంటూ, అన్నం డేగిసాలు నెత్తిన పెట్టుకొని ఇసుక దిబ్బ ఎక్కాం. మా పాస్టరమ్మగారి చెప్పు ఒకటి ఇప్పటికీ అక్కడే ఉంది.

అయితే దారి ఎంత బాగుందో! ఏటిమొగ దాటాక ఎదురుమొండి దీవి వస్తుంది. పంటు మీద జనం, మోటారు సైకిళ్ళు, గడ్డి మోపులు, బడి పిల్లలు దాటుతున్నారు. మా పిల్లలు చేతులు ఊపితే వాళ్ళు కూడా ఊపారు. అటువైపే ఈలచెట్లదిబ్బ. యానాదుల కుటుంబాలు ఉంటాయి. చేపలు, పీతలు పట్టుకొని బతుకుతారు. వాళ్ళకి ఆసుపత్రికైనా పడవే, పెళ్ళికైనా పడవే. నొప్పులు పడుతున్న తల్లినైనా పోటు చూసుకొని పడవలోకి దించాలి. మేము ఒక పగలు కోసం డబ్బిచ్చి కొనుక్కున్న ఒంటరితనంలో వాళ్ళు పుట్టి పెరుగుతున్నారు. మా బోటులో ఒక కుర్రవాడు ఆ దిబ్బ ఫోటో తీసి, "ఇక్కడ ఉండిపోతే ఎంత బాగుంటుందో" అన్నాడు. సరంగు ఏమీ అనలేదు. ఇంజను చప్పుడు కొంచెం పెంచాడు.

ఆ ఇసుక దిబ్బ మీద మేము తప్ప ఇంకెవరూ లేరు. ఒక పక్క ఏరు, ఒక పక్క సముద్రం. ఎర్రపీతలు మమ్మల్ని చూసి ఇసుకలోకి దూరిపోయాయి. ఒడ్డున ఒక పెద్ద తాబేలు చచ్చి పడి ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట ఒడ్డెక్కి, గుంట తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, కప్పెట్టి వెళ్ళిపోతాయి. దారిలో వలలకి చిక్కి చచ్చేవి కొన్ని. పిల్లలు దాని చుట్టూ చాలాసేపు నిలబడ్డారు. అటవీ శాఖవారు గుడ్లను ఏరి, కంచె కట్టి కాపాడి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతారని చెబితే కొంచెం ఊరట పడ్డారు. మేము తెచ్చిన ప్లాస్టిక్ గ్లాసులు, కవర్లు అన్నీ లెక్కపెట్టి తిరిగి బోటు ఎక్కించింది ఆ పిల్లలే. పెద్దలు కాదు.

సముద్ర స్నానం గురించి కూడా ఒక మాట. యౌవనస్థుల్లారా, మీకే చెబుతున్నాను. నది సముద్రంలో కలిసే చోట నీళ్ళు పైకి నెమ్మదిగానే ఉంటాయి. అడుగున ఇసుక కదులుతూ ఉంటుంది. నీళ్ళు తీసేటప్పుడు ఏరు మొత్తం బరువు సముద్రంలోకి లాగుతూ ఉంటుంది. మావాళ్ళు ఇద్దరు సరదాగా ఆ కొస దాకా వెళితే సరంగు అరిచిన అరుపుకి పక్షులు లేచిపోయాయి. జాకెట్లు ఏవిరా అంటే, తలకింద పెట్టుకొని పడుకోవడానికి ఇసుకలో వదిలేశారట!

ఇంతవరకు నేను చెప్పింది ప్రయాణం సంగతి. ఇప్పుడు చెప్పబోయేది ఒక తల్లి సంగతి. ఆమె ఈ ప్రసంగం వింటూ ఉంటుంది. ఆమెను అడిగి, సరేనన్న తరువాతే చెబుతున్నాను. పేరు చెప్పను.

ఆమెకి డెబ్బై దాటాయి. గుడివాడలో బియ్యం మిల్లులో ఏళ్ళ తరబడి పనిచేసింది. ఆదివారం ఎప్పుడూ వెనక వరసలో గోడ పక్కన కూర్చుంటుంది. మా పేర్ల కాగితంలో మొట్టమొదటి పేరు ఆమెది. యౌవనస్థుల ప్రయాణం ఇది, పెద్దమ్మ ఎందుకు రాసిందని కొందరు నవ్వుకున్నారు. నేనూ ఎందుకని అడగలేదు. సంఘకాపరిని, అడిగి ఉండవలసింది. ఆమె పుట్టింది, పెళ్ళయి కాపురం చేసింది దివిసీమలో, సముద్రానికి దగ్గర ఊళ్ళో. 1977 నవంబరు 19.

ఆ తేదీ చెబితే చాలు, మన ప్రాంతంలో పెద్దవాళ్ళకి ఇంకేమీ చెప్పనక్కరలేదు. చిన్నవాళ్ళ కోసం చెబుతాను. అది శనివారం. తుపాను వెంట ఉప్పెన వచ్చింది. అయిదు మీటర్ల ఎత్తున నీటి గోడ దివిసీమ మీదికి వచ్చిందని లెక్కల్లో రాశారు. తాటిచెట్టంత అని మన పెద్దలు చెబుతారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. సుమారు 10,000 మంది చనిపోయారని లెక్క. అంతకంటే ఎక్కువే అనేవాళ్ళు ఉన్నారు. అవనిగడ్డలో స్మారకం ఉంది. ఈ తీరానికి ఇది మొదటిది కూడా కాదు. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి ఇలాంటి ఉప్పెనే వస్తే 30,000 మంది వరకు పోయారు. 1843లో బందరులో బడి పెట్టిన నోబుల్ దొరగారు అప్పటికి అక్కడే ఉన్నారు, మరుసటి ఏడాది కన్నుమూశారు. ఆ తరువాత 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మరునాడు, ఆదివారం. సునామీకి మన రాష్ట్రంలో 100 మందికి పైగా పోయారు. మంగినపూడి తీరంలో స్నానాలకు దిగినవారు కొట్టుకుపోయారు. నేను అప్పటికి కుర్రవాణ్ణి. 1977 నాటికి నేను పుట్టనే లేదు. నాకు ఉప్పెన అంటే విన్న మాట. ఆమెకి అది ఇద్దరు బిడ్డలు, అత్తగారు. ఆమె, భర్త తుమ్మచెట్టు పట్టుకొని బతికారు. తరువాత గుడివాడ చేరారు. భర్త కూడా పోయాడు. అప్పటి నుంచి ఆమె మళ్ళీ సముద్రం మొహం చూడలేదు.

ఇవన్నీ నాకు ఆ రోజు పొద్దున తెలియవు.

నేను ఆ తీరంలో చెప్పడానికి ప్రసంగం సిద్ధం చేసుకొని వెళ్ళాను. ఇప్పుడు మనం చదువుకున్న వాక్యభాగమే. మూడు భాగాలు, కాగితం మీద రాసుకున్నాను. బ్యాటరీ మైకు కూడా మోసుకెళ్ళాం. పన్నెండున్నర అయింది. అందరినీ కూర్చోమన్నాను. ఆమె లేచి వచ్చి, "అయ్యగారూ, ముందు పిల్లలకి అన్నం పెడదామండీ. వాక్యం తర్వాత" అంది. పది నిమిషాలే అమ్మా అన్నాను. "పది నిమిషాలు కూడా వద్దండీ" అంది. ఆమె గొంతు ఎన్నడూ అలా వినలేదు. మైకు కింద పెట్టాను.

వాక్యభాగంలో చూడండి. పొద్దుపోయింది, వీళ్ళని పంపివేస్తే ఊళ్ళలోకి వెళ్ళి ఏదైనా కొనుక్కొని తింటారని శిష్యులు ప్రభువుతో అన్నారు. ఆయన మీరే పెట్టండి అన్నాడు. ఈ అద్భుతం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను, చెప్పాను. అయిదు రొట్టెలు, రెండు చేపలు, అయిదువేలమంది పురుషులు. కానీ శిష్యుల వైపు నుంచి ఎప్పుడైనా ఆలోచించారా? వాళ్ళని తీసుకొచ్చింది విశ్రాంతికి. అన్నం తినే తీరిక కూడా లేకుండా అలసిపోయినవాళ్ళు. తీరా వచ్చాక ఏమైంది? జనం ముందే వచ్చి కూర్చున్నారు. వాళ్ళని వరసలుగా పచ్చిక మీద కూర్చోబెట్టి, రొట్టె వడ్డించి, మిగిలినవి పన్నెండు గంపలకు ఎత్తే పని వీళ్ళ మీదే పడింది. మరి ప్రభువు ఇస్తానన్న విశ్రాంతి ఏది? నాకు తోచింది చెబుతాను, మీరు వేరుగా చదివితే నాకేమీ అభ్యంతరం లేదు. ఆ విశ్రాంతి పడవలోనే అయిపోయింది. ఒడ్డు నుంచి ఒడ్డుకి, ఆ కాసేపు, ఆయన పక్కన కూర్చుని. దిగాక అంతా వడ్డనే.

ఆ తల్లి నడుముకి కొంగు బిగించి ఆకులు పరిపించింది. పులిహోర, పెరుగన్నం, పొద్దున్నే వేయించి తెచ్చిన చేప ముక్కలు. పిల్లలు ఇంకా నీళ్ళలోనే ఉన్నారు. ఎంత పిలిచినా రావడం లేదు. ఆమె ఒక్కతే నీటి అంచు దాకా నడిచింది. ఆగింది. మళ్ళీ నడిచింది. చీలమండలు మునిగేదాకా సముద్రంలో నిలబడి, రెండు చేతులు నోటి దగ్గర పెట్టుకొని, "అన్నానికి రండర్రా!" అని పిలిచింది. గాలికి ఎదురుగా ఎంత గట్టిగా పిలిచిందంటే దిబ్బ అవతల బోట్ల దగ్గర ఉన్న సరంగు కూడా లేచి నిలబడ్డాడు. మూడుసార్లు పిలిచింది. పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చారు. ఒక్కొక్కరి తల తుడుస్తూ, చెయ్యి పట్టుకొని ఆకు ముందు కూర్చోబెట్టింది. అందరికీ రెండోసారి అడిగి వడ్డించింది. సరంగులకీ పెట్టింది. ఆమె అందరికంటే చివర తింది.

నా ప్రసంగం ఆ రోజు జరగలేదు. కాగితం జేబులో తడిసిపోయింది. భోజనాలు అయ్యాక ఎవరికి వారే ఇసుకలో కూర్చున్నారు. పాట కూడా ఎవరూ ఎత్తలేదు. అలల చప్పుడు వింటూ చాలాసేపు అలా ఉండిపోయాం. మూడేళ్ళుగా నాకు నిద్ర సరిగా పట్టేది కాదు. సంఘం తగాదాలు, మందిరం అప్పు, ఇంకా ఏవేవో. ఆ మధ్యాహ్నం ఇసుకలో కండువా పరుచుకొని నిద్రపోయాను. గురక కూడా పెట్టానట, పిల్లలు ఫోనులో పట్టుకున్నారు.

పోటు ఎక్కి బోట్లు తేలేసరికి నాలుగు దాటింది. జనవరి పొద్దు, ఏటిమొగ దగ్గరికి వచ్చేసరికి చీకటి పడుతోంది. మడ అడవి మీద కొంగలు గూళ్ళకి చేరుతున్నాయి. పిల్లలు ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోతున్నారు. ఈసారి అందరి ఒంటి మీదా జాకెట్లు ఉన్నాయి. ఆ తల్లి నా ఎదురుగా కూర్చుంది. ఆమె ఒళ్ళో ఎవరి పిల్లో నిద్రపోతోంది. అప్పుడు చెప్పింది, ఉప్పెన సంగతి అంతా. ఏడవలేదు. ఎవరో వాళ్ళ ఊరి కబురు చెప్పినట్టు చెప్పింది. చివర ఈ మాట అంది.

"ఆ రోజు పొద్దున్నుంచి గాలండీ అయ్యగారూ. పొయ్యి నిలవలేదు. అన్నం వండలేకపోయాను. పిల్లలు ఆకలి ఆకలి అన్నారు. గాలి తగ్గాక వండుతాలే అన్నాను. ఆకలితోనే పోయారండీ."

నేను ఏమీ అనలేకపోయాను. సెమినరీలో నేర్పినవేవీ నోటికి రాలేదు. కాసేపటికి ఆమే అంది, "ఇవాళ పిల్లలు బాగా తిన్నారు గదండీ?"

"బాగా తిన్నారమ్మా" అన్నాను.

సరంగు ఇంజను ఆపి, గెడతో బోటును రేవుకి చేర్చాడు. దిగేటప్పుడు ఆయన ఆమెకి చెయ్యి అందించి, "మెల్లగా అప్పా" అన్నాడు. వాళ్ళిద్దరూ మధ్యాహ్నం ఏదో మాట్లాడుకున్నారు. ఏ ఊరో, ఎవరి తాలూకో. అది వాళ్ళకే తెలుసు.

ఈ సంక్రాంతికి మళ్ళీ వెళదామని మావాళ్ళు పేర్లు రాస్తున్నారు. మొదటి పేరు ఆమెదే. ఈసారి లెక్క 36, బోట్లు మూడు, జాకెట్లు 36, నేనే వెళ్ళి లెక్కపెట్టి వచ్చాను.

మన సమయం అయిపోయింది. ఈ రాత్రి వేటకి వెళ్ళిన బోట్లవాళ్ళ కోసం, లంకల్లో పడవ కోసం ఎదురుచూస్తున్నవారి కోసం, బిడ్డల్ని నీళ్ళకి ఇచ్చిన తల్లుల కోసం ప్రార్థన చేసుకుందాం. ఎక్కడున్నవారు అక్కడే తలలు వంచండి.